తలదెబ్బ పిదప దినచర్య: వృత్తిచికిత్స చేయు సాయము

తలకు దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చినంతనే బంధువు లడుగు మొదటి ప్రశ్న "స్కానులో ఏమున్నది?" అనునది. ఏమియు లేదని వైద్యుడు చెప్పినచో ఇంటిల్లిపాదియు ఊపిరి పీల్చుకొందురు. అది సహజమే. మెదడులో రక్తస్రావము లేదనుట, పుర్రె ఎముక చిట్లలేదనుట చిన్న శుభవార్తలు కావు. కాని వారము తిరుగకమునుపే ఆ యింటిలో వేరొక కథ మొదలగును. పోపు మాడును. పొయ్యిమీద పెట్టిన పాలు పొంగిపోవును. ఎదుటివాడు చెప్పిన మాట సగములో జారిపోవును. నలుగురు కూర్చుండి మాటలాడుచున్నచో ఆ మనిషి లేచి లోపలి గదిలోనికి పోవును. "స్కాను బాగున్నది గదా, ఇంక నీకేమి?" అను మాట మొదట మెల్లగను, పిదప గట్టిగను వినవచ్చును. ఒళ్లు దాచుకొనుచున్నాడనియో, నటించుచున్నదనియో నింద పడును. నిజమునకు, కంకషన్ అను స్థితియందు స్కాను నిర్మలముగా నుండుటయే సామాన్యము. ఆ చిత్రము చూపునది మెదడు ఆకృతిని. దెబ్బతిన్నది దాని నడక.

కంకషన్ అను మాటకు మూలమైన లాటిను పదమునకు గట్టిగా కుదుపుట యని యర్థము. తెలుగున దీనిని మెదడు కుదుపు అనిన చాలును. స్పృహ తప్పనిదే ఇది కలుగదని చాలమంది తలంతురు. అది పొరపాటు, పెక్కుమందికి స్పృహ తప్పనే తప్పదు. తలనొప్పి, తల తిరుగుట, వెలుతురును చప్పుడును ఓర్వలేమి, త్వరగా అలసిపోవుట, నిద్ర చెడుట, మనసు నిలువకుండుట, అకారణముగా చిరాకు కలుగుట దీని సామాన్య లక్షణములు.

ఈ కుదుపు వలన నాడీకణముల పొరలలో కల్లోలము పుట్టును. కణములోని పొటాసియము వెలికి పోవును. వెలుపలి కాల్షియము లోనికి చొచ్చును. వీనిని మరల యథాస్థానమునకు చేర్చుటకై కణము మిక్కిలి శక్తిని వ్యయపరుపవలసి వచ్చును. సరిగా ఆ సమయముననే మెదడునకు రక్తప్రసారము కొంత తగ్గియుండును. ఆదాయము తగ్గిన నెలలోనే ఇంట పెండ్లి పడిన సంసారము వంటిది ఆ స్థితి. గీజా, హోవ్డా అను అమెరికా పరిశోధకులు ఈ రసాయన పరిణామముల వరుసను 2001లో ఒక్కచోట కూర్చి వివరించిరి. 2014లో క్రొత్త పరిశోధనలను చేర్చి దానిని సవరించిరి. ఇందలి పెక్కు విషయములు జంతువులపై జరిపిన ప్రయోగముల వలన తెలిసినవి. ఐనను, రోగి చెప్పు అలసటకు శరీరమున ఆధారము కలదని యింటివారికి నచ్చచెప్పుటకు ఈ మాత్రము చాలును.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. తలనొప్పి గంటగంటకు పెరుగుట, మరల మరల వాంతి యగుట, మూర్ఛ వచ్చుట, ఒక ప్రక్క చేయిగాని కాలుగాని పట్టు తప్పుట, మాట తడబడుట, కనుపాపలలో ఒకటి పెద్దదియు ఒకటి చిన్నదియు నగుట, ముక్కునుండిగాని చెవినుండిగాని నీరు కారుట, లేపినను లేవని మగత కమ్ముట – వీనిలో ఏ యొక్కటి కనిపించినను వెంటనే ఆసుపత్రికి పోవలయును. రక్తము గడ్డకట్టకుండుటకు మందు వాడువారు లక్షణములు లేకున్నను వైద్యునికి చూపించుకొనవలెను. ఈ వ్యాసమున చెప్పబోవు సంగతులన్నియు ఇట్టి అపాయము లేదని వైద్యుడు తేల్చిన తరువాతివి.

పూర్వము ఇట్టి రోగికి విశ్రాంతియే మందనిరి. కిటికీలు మూసి, దీపము తీసి, మాటలు మాన్పించి, చీకటి గదిలో పండుకొనబెట్టుట మేలని వైద్యులే చెప్పిన కాలము కలదు. ఆ సలహా ఇండ్లలో నేటికిని నిలిచియున్నది. దానిని పరీక్షించి చూచినవారు లేకపోలేదు. అమెరికాలోని మిల్వాకీ నగరమున 11 మొదలు 22 ఏండ్ల వయసుగల రోగులను రెండు తెగలుగా విభజించి, ఒక తెగకు ఐదు దినముల కఠిన విశ్రాంతియు, రెండవ తెగకు ఒకటి రెండు దినముల విశ్రాంతి మీదట క్రమముగా పనులలో ప్రవేశించుటయు విధించిరి. 2015లో ప్రకటింపబడిన ఆ ఫలితములలో, కఠిన విశ్రాంతి పొందినవారే ఎక్కువ బాధలను చెప్పుకొనిరి. వారు కోలుకొనుటయు ఆలస్యమయ్యెను. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున కూడిన నిపుణుల సమావేశము వెలువరించిన నిర్ణయము కూడ ఇదే త్రోవను నడచినది. క్రీడాకారుల నుద్దేశించినదైనను ఆ నిర్ణయము తక్కినవారికిని మార్గదర్శకమగుచున్నది. దాని ప్రకారము మొదటి 24 మొదలు 48 గంటలు మితమైన విశ్రాంతి చాలును. ఆ గంటలలో కూడ మెల్లగా నడచుట, చిన్న చిన్న ఇంటి పనులు చేసికొనుట తప్పు కాదు. ఫోను, టెలివిజను మాత్రము తగ్గింపవలెను. పిదప పని పెరుగవలెను, కాని మెట్టుమెట్టుగా పెరుగవలెను.

ఆ మెట్లు కట్టునది వృత్తిచికిత్స. ఆక్యుపేషనల్ థెరపీ అను పేరునకు ఇది తెలుగు. వృత్తి యనగానే జీవనోపాధి యని మనవారు భ్రమింతురు. ఉద్యోగము లేని ముసలమ్మకు వృత్తిచికిత్స యేమని అడుగుదురు. తెలుగులోని 'పని' అను మాట దీనికి ఎక్కువ తగియుండెడిది. స్నానము చేయుట పని, కూర తరుగుట పని, మనుమరాలికి జడ వేయుట పని, బ్యాంకులో సంతకము పెట్టుట పని. ఈ చికిత్సకు ఇవన్నియు విషయములే.

ఈ శాస్త్రము సంఘరూపము తాల్చినది 1917 మార్చి 15న, న్యూయార్కు రాష్ట్రమున క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అను ఊరిలో. అచట కూడినవారిలో జార్జి బార్టన్ వాస్తుశిల్పి. రోగపీడితుడై తానే పనిచేయుట వలన కోలుకొన్నవాడు. భారతదేశమునకు దీనిని తెచ్చినది కమలా నింబ్‌కర్. అమెరికాలో పుట్టి మహారాష్ట్ర కుటుంబమునకు కోడలై వచ్చిన ఆమె 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్యకు పాఠశాల నెలకొల్పిరి. 1952లో అఖిలభారత వృత్తిచికిత్సకుల సంఘ మేర్పడెను. అదే యేట వెలసిన ప్రపంచ సమాఖ్యకు పునాది వేసిన పది దేశములలో భారతదేశ మొకటి. బొంబాయిలోని తెలుగు కుటుంబములకు, ముఖ్యముగా పరేలు, కామాఠీపుర ప్రాంతములవారికి, ఈ చికిత్స పుట్టినిల్లు నడచిపోదగినంత దూరముననే యుండెను.

చికిత్సకుడు రోగిని చూచిన వెంటనే వ్యాయామములు చెప్పడు. మొదట, "తెల్లవారినది మొదలు మీరేమి చేయుదురు?" అని అడుగును. కెనడా దేశమున 1991లో రూపొందిన ఒక కొలమానము ఇందుకు ప్రసిద్ధము. రోగికి ఏ పనులు కష్టమైనవో అతడే చెప్పవలెను. వానిలో ముఖ్యమైనవానికి, ప్రాముఖ్యము ఎంత, ఇప్పుడు చేయగలుగుచున్నది ఎంత, అందు తృప్తి ఎంత యని పదింటికి అంకెలు తానే వేయవలెను. వైద్యుని దృష్టిలో తలనొప్పి ముఖ్యము కావచ్చును. రోగి దృష్టిలో శుక్రవారము ముగ్గు వేయలేకపోవుట ముఖ్యము కావచ్చును. చికిత్స ముగ్గుతోనే మొదలగును.

ఒక గృహిణిని ఊహింతము. బళ్లారిలోనో హోసూరులోనో ఉమ్మడి కుటుంబము. స్కూటరు వెనుకనుండి పడి మూడు వారములైనది. ఐదింటికి లేచి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, వంగి ముగ్గు వేయును. లేచునప్పుడు తల తిరుగును. పాలు, కాఫీలు, పిల్లల డబ్బాలు, మామగారి మందులు – ఎనిమిదింటికే తల బరువెక్కును. పదింటికి పడుకొనును. కొంచెము తేలిక పడిన దినమున, వెనుకబడిన పనులన్నియు ఒక్కసారి ఎత్తికొనును. మరునాడు, ఆ మరునాడు మంచము దిగలేదు. ఒకనాడు పదిమంది పని, రెండునాళ్లు పడక – ఇట్టి ఊగిసలాట ఈ రోగులలో మిక్కిలి సాధారణము. తాను నయమగుచున్నదో లేదో ఆమెకే తెలియదు.

చికిత్సకుడు ఆమెచేత ఒక వారము దినచర్య వ్రాయించును. ఏ గంటకు ఏ పని, అప్పుడు బాధ పదింటికి ఎంత, అది ఎంతసేపటికి తగ్గినది. ఆ కాగితము చూచినచో రహస్యము బయటపడును. ఆమెను పడగొట్టుచున్నది పనుల సంఖ్య కాదు, వరుస. వంగుట, చప్పుడు, తొందర, ఒకేసారి మూడు సంగతులు తలపెట్టుట – ఇవన్నియు తెల్లవారు రెండు గంటలలో గుమికూడియున్నవి. ఇక పంపకము మొదలగును. ముగ్గు మానరాదు; చిన్న పీటపై కూర్చుండి, చుక్కలు తగ్గించి వేయవలెను, తల మెల్లగా ఎత్తవలెను. దినదినము చుక్కలు పెంచవచ్చును. మెల్లగా వంగి లేచుట కూడ సమతౌల్యమునకు అభ్యాసమే. కూరలు ముందునాటి సాయంత్రమే తరిగి యుంచవలెను. మందుల డబ్బాకు వారములు గుర్తించిన అరలు కావలెను.

వంట మాట వేరుగా చెప్పదగినది. పైకి అలవాటు పనివలె కనిపించినను వంట మెదడునకు పెద్ద పరీక్ష. పోపు వేయుటనే తీసికొనుడు. నూనె కాగుట చూడవలెను, ఆవాలు చిటపటలాడుట వినవలెను, ఎండుమిర్చి మాడకముందే కరివేపాకు అందుకొనవలెను. ఆ క్షణముననే ప్రక్క పొయ్యిపై కుక్కరు కూత వేయును, వాకిట పాలవాడు పిలుచును. ఆరోగ్యవంతురాలు దీనిని ఆలోచింపకయే చేయును. కుదుపు తిన్న మెదడు ప్రతి యడుగును ఆలోచించి చేయవలసియుండును. కావున మొదటి వారము నియమము, ఒక్క పొయ్యి, ఒక్క గిన్నె. పొయ్యి వెలిగింపకమునుపే పోపు దినుసులన్నియు పళ్లెములో వరుసగా పెట్టుకొనవలెను. కుక్కరు కూతలు లెక్క తప్పుచున్నచో కూతకొక చింతగింజ గిన్నెలో వేయవలెను. గ్యాసు కట్టినదానికి గుర్తుగా గోడమీది పలకపై గీత గీయవలెను. ఇవి నవ్వుదెప్పించు ఉపాయములుగా తోచవచ్చును; కాని జ్ఞాపకము తిరిగి బలపడు వరకు దానికి ఊతకర్ర కావలెను. బలపడిన కొలది పలక మాని, గింజలు మాని, రెండవ పొయ్యి వెలిగించుట చికిత్స.

విశ్రాంతి కూడ ఈ పట్టికలో ఒక పనియే. అలసి కూలిన పిదప కాదు; అలసట రాకమునుపే, గడియారము చూచి, పది నిముషములు నిశ్శబ్దముగా కూర్చుండవలెను. ఎంత పెంచవచ్చుననుటకు నిపుణులు ఒక కొలత చెప్పిరి: పని వలన బాధ పదింటికి రెండు అంకెలకు మించి పెరుగక, గంటలోపల సర్దుకొన్నచో అది హాని కాదు, కొనసాగింపవచ్చును. అంతకు మించినచో పని మానుట కాదు, ఒక మెట్టు దిగుట. బాధ బొత్తిగా లేకుండ ఏ పనియు ముట్టనని కూర్చున్నవాడు మెట్టెక్కలేడు. నల్లకళ్లద్దముల విషయము కూడ ఇట్టిదే. ఎండలో వానివలన మేలే. ఇంటిలో పగలెల్ల పెట్టుకొన్నచో కన్ను చీకటికి అలవాటుపడి, వెలుతురు మరింత గుచ్చుకొనును.

ఇందలి కఠినభాగము తరచుగా రోగిది కాదు, ఇంటివారిది. ఆమె విడిచిన పనిని ఎవరో ఒకరు అందుకొనవలెను. అందుచేతనే మంచి చికిత్సకుడు భర్తను, అత్తగారిని కూర్చుండబెట్టి ఆ పట్టికను వారికి కూడ వివరించును.

సోలాపురము, భివండి పట్టణములలో మరమగ్గముల నాశ్రయించిన తెలుగు కుటుంబములు వేలు. అట్టి షెడ్డులో పనిచేయువానికి తలదెబ్బ తగిలినచో "పనికి పోవచ్చునా, కూడదా?" అను ప్రశ్న ఒక్కటే వినబడును. కొలతకు కూలి వచ్చు చోట ఆ ప్రశ్నలో ఇంటి తిండి యిమిడియున్నది. చికిత్సకుడు ఆ ప్రశ్నను ముక్కలు చేయును. మగ్గముల హోరు నడుమ నిలుచుట ఒకటి. ఒక మగ్గమునుండి మరొకదానికి నడచుచు, తల త్రిప్పుచు, తెగిన పడుగు పోగును దూరమునుండి పట్టుట వేరొకటి. దగ్గరకు వచ్చి సన్నని పోగును ముడివేయుట ఇంకొకటి. ఇది కంటికి పని. తిరుగుచున్న యంత్రము దగ్గర తత్తరపడక నిలుచుట అన్నిటికంటె పెద్దది. ఇందు కూర్చుండి ముడి వేయుట, కండెలు చుట్టుట వంటివి ముందు ఇంటనే, నిశ్శబ్దములో చేయించి చూడవచ్చును. తరువాత షెడ్డులో చెవులకు రక్షణ పెట్టుకొని ఒక గంట, ఒక మగ్గము. పిదప రెండు. పిదప సగము పాళీ. రాత్రిపాళీ చిట్టచివర, నిద్ర చెడినచో వెనుకటి మెట్లన్నియు కూలును. తల తిరుగుట పూర్తిగా తగ్గకమునుపు కదలు యంత్రమును సమీపింపనీయరాదు. ఈ వరుసను ఒక కాగితముపై వ్రాసి యజమానికి చూపుట చికిత్సలో భాగమే. సగము పాళీకి సగము కూలియైనను దొరికినచో, ఆకలికి ఓర్వలేక ముందుగనే పూర్తి పాళీకి దిగి మరల పడిపోవు దురవస్థ తప్పును.

విద్యార్థి విషయము కొంత సులభము. ఆటలకంటె చదువు ముందు తిరిగి రావలెను. మొదట ఇంట పావుగంట చదువు, పిదప సగము దినము బడి, పరీక్షలకు కొంత అదనపు కాలము – ఉపాధ్యాయులు సమ్మతించినచో పెక్కుమంది పిల్లలు నెలలోపల యథాస్థితికి వత్తురు. పూర్తిగా కోలుకొనకమునుపు మరల తలకు దెబ్బ తగులకుండ మాత్రము కాపాడవలెను.

ఆంధ్ర, తెలంగాణముల వెలుపల స్థిరపడిన మనవారికి ఇచట ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. అది భాష. మెదడు కుదుపును కొలుచు పరీక్షలు చాల వరకు మాటలతో కూడినవి. క్రీడాకారులకై 2004 ప్రాగు సమావేశమున పుట్టి, 2023లో ఆరవ రూపము దాల్చిన స్కాట్ అను పరీక్షలో నెలల పేర్లను వెనుకనుండి ముందునకు చెప్పుట, అంకెలను తలక్రిందుగా అప్పగించుట, పదముల జాబితాను గుర్తుంచుకొనుట ఉన్నవి. ఆంగ్ల నెలలను బడిలో వల్లెవేసిన కుఱ్ఱవానికి డిసెంబరునుండి వెనుకకు వచ్చుట ఒక మాట. చైత్ర వైశాఖములే తెలిసి, బడి ముఖమెరుగని బరంపురపు అవ్వకు అదే ప్రశ్న వేరు మాట. ఆమె తప్పిన తప్పు మెదడుదా, బడిదా? అడుగువాడు ఒడియాలో అడిగి, ఆమె తెలుగున తలపోసి, మరల ఒడియాలో చెప్పవలసివచ్చినప్పుడు ఆలస్యమగు క్షణములను దెబ్బ లెక్కలో వ్రాసికొనుట న్యాయము కాదు. దీనికి ఎదురు పొరపాటు కూడ కలదు. "భాష తెలియక తడబడుచున్నది" అని నిజమైన లోపమును త్రోసివేయుట. రెండింటికిని విరుగుడు ఒక్కటే: ఇంట మాటలాడు భాష యేదో, దెబ్బకు ముందు ఆ మనిషి ఏమేమి చేయగలిగెడివాడో తెలిసిన బంధువొకడు వెంట పోయి మొదటనే చెప్పవలెను.

చదువు లిపి మరొక సంగతి. తమిళనాట మూడు తరములుగా నున్న ఇంటిలో తెలుగు వినబడును, కాని వ్రాయుట తమిళ లిపిలోనే. సోలాపురమున పిల్లలు చదువునది మరాఠీ. అట్టివారికి అభిమానముచే తెలుగు అక్షరములలో పట్టిక వ్రాసి యిచ్చుట ఉపకారము కాదు; అలసిన మెదడునకు అది అదనపు భారము. మాట తెలుగున, వ్రాత రోగి చదువు లిపిలో. అదియు రానిచోట బొమ్మలు. వంటపని, మగ్గపుపని చేసి చూపించు పరీక్షలకు ఈ చిక్కు తక్కువ. పాలు పొంగకుండ కాచుట ఏ భాషలోనైనను ఒక్కటే. అందుచేత మన సమాజములకు వృత్తిచికిత్స మాటల పరీక్షలకంటె నమ్మదగిన సాక్షి.

ఈ చికిత్స దొరకు చోట్లు కొరతగా నున్నను లేకపోలేదు. బెంగుళూరున నిమ్‌హాన్స్, ఒడిశాలో కటకము సమీపమున ఓలట్‌పూరు సంస్థ పేరు పొందినవి. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలోని పునరావాస సంస్థ 1966లో వెలసినది. దాని స్థాపకురాలు డాక్టరు మేరీ వర్గీసు 1954లో మోటారు ప్రమాదమున రెండు కాళ్లును పడిపోయి, చక్రముల కుర్చీలో కూర్చుండియే శస్త్రచికిత్సలు చేసిన మహిళ. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టమున వృత్తిచికిత్సకు స్థానము లభించినది. పెద్ద నగరమునకు పోలేనివారు ఒకసారి పోయి పట్టిక వ్రాయించుకొని వచ్చి, ఇంటనే దానిని నడుపుకొనవచ్చును.

తుదకు మిగులునది తరచుగా బండి. దెబ్బ తగిలినది దానిమీదనుండియే గనుక భయము కూడ తోడగును. బండి నడుపుటకు చూపు దూరమునుండి దగ్గరకు వెంటనే మరలవలెను, మెడ త్రిప్పి వెనుక చూచినను తల తిరుగరాదు, ఎదుట ఎవరైన అడ్డము వచ్చినచో చేయి తడవు చేయరాదు. కావున మొదట రద్దీ బజారులో నడక, పిదప ఒకరి వెనుక కూర్చుండి ప్రయాణము, పిదప వైద్యుడు సరే యన్నమీదట తెల్లవారుజామున జనము లేని వీధిలో కొద్ది దూరము. ప్రమాదమునాడు తలపై నుండిన హెల్మెట్టును మాత్రము మరల తీయరాదు. పైకి పగులు కనబడకున్నను, లోపలి మెత్త ఒకసారి నలిగిన పిదప రెండవ దెబ్బకు ఓర్వదు.